స్ఫటికీకరణమా, స్ఫటికీభవనమా?

సందేహం: సిలికేట్ ఖనిజాల గురించి చదువుతుంటే, శిలాద్రవం చల్లారినప్పుడు జరిగేదాన్ని ఒకరు 'స్ఫటికీకరణం' అన్నారు, ఒకరు 'స్ఫటికీభవనం' అన్నారు, మరొకరు 'ఘనీభవనం' అన్నారు. మూడూ ఒకటేనా?

సమాధానం: కావు. 'ఘన' అన్నది 'ఘనీ' కావడానికి కారణం సంస్కృతంలోని చ్వి ప్రత్యయం. అంతకుముందు లేని స్థితి కలగడం దాని అర్థం. దాని తరవాత 'కృ' ధాతువు వస్తే ఎవరో చేయడం, 'భూ' ధాతువు వస్తే తనంతట తాను అవడం. వాయువును ఒత్తిడితో ద్రవంగా మార్చడం ద్రవీకరణం, మంచు కరగడం ద్రవీభవనం. మైలుతుత్తం ద్రావణాన్ని చల్లార్చి స్ఫటికాలు తీస్తే అది స్ఫటికీకరణం. భూపటలంలో చేసేవారెవరూ లేరు, అక్కడ స్ఫటికీభవనమే నప్పుతుంది. స్ఫటికీకరణం వాడుకలో నిలబడిపోయిన మాట కనుక తప్పని కొట్టివేయను. కానీ 'శిలాద్రవం స్ఫటికీకరించింది' అని మాత్రం రాయకండి. అది సకర్మక క్రియ, 'దేన్ని?' అన్న ప్రశ్న మిగిలిపోతుంది. 'స్ఫటికీభవించింది' అనండి.

ఘనీభవనం విషయంలో పొరపాటు ఇంకా పెద్దది. దాదాపు సిలికేట్లన్నిటికీ ఆధారం ఒక సిలికాన్ పరమాణువు, దాని చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఉన్న చతుర్ముఖి, అంటే నాలుగు ముఖాల ఆకృతి. శిలాద్రవం నెమ్మదిగా చల్లారితే ఇవి కుదురుగా అమరే వ్యవధి దొరుకుతుంది. విడివిడిగా ఉండి వాటి మధ్య ఇనుము, మెగ్నీషియం చేరితే ఆలివిన్, గొలుసు కడితే పైరాక్సిన్, పొరలైతే అభ్రకం, అన్ని దిక్కులా అల్లుకుంటే ఫెల్‌స్పార్, పలుగురాయి. ఆలివిన్ వేడి ఎక్కువగా ఉన్నప్పుడే శిలాద్రవం నుంచి విడివడుతుంది, పలుగురాయిది చివరి వంతు. అదే లావా ఉన్నట్టుండి చల్లారిందా, అమరిక కుదరకముందే బిగుసుకుపోయి అబ్సీడియన్ అనే సహజమైన గాజు అవుతుంది. అది ఘనీభవించింది, స్ఫటికీభవించలేదు. గ్రానైట్ విషయంలో రెండూ జరిగాయి. ఒట్టి 'ఘనీభవనం' అని రాస్తే ఏది ఏర్పడిందో పాఠకుడికి తెలియదు.

'స్ఫటికం' మొదట తేటగా ఉండే పలుగురాయికి పేరు. క్రమమైన లోపలి అమరిక ఉన్న ఏ ఘనపదార్థానికైనా వాడడం శాస్త్ర పరిభాషలో వచ్చిన విస్తృతి. అందుకే 'పలుగురాయి స్ఫటికం' అంటే పునరుక్తి కాదు. 'పటిక' కూడా ఈ మాట నుంచి పుట్టినదే. అయితే మాటల చుట్టరికం చూసి దాన్ని సిలికేట్లలో కలపకూడదు, అది పొటాషియం, అల్యూమినియంల సల్ఫేట్.