కౌన్సెలింగ్‌కు వెళ్ళే ముందు: తమ్ముడి కొడుక్కి ఒక ఉత్తరం

కాజీపేట

చిరంజీవికి పెద్దబాపు దీవించి రాయునది.

మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వు "పెద్దబాపూ, అప్పట్ల నువ్వు ఎవలి దగ్గరికి పోయినవ్, అక్కడ ఏం చేస్తరు?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే "పెద్దమ్మకు చెప్పకు" అని పెట్టేశావు. పెద్దమ్మకు కొత్తగా చెప్పేదేమీ లేదు. నన్ను మొదటిసారి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది ఆమే. రెండు నిమిషాల ఫోన్‌లో తేలే సంగతి కాదు కనుక, కోడలు నెల రోజులుగా పుట్టింట్లోనే ఉందన్న విషయం కూడా మనసులో పెట్టుకొని, తీరికగా కూర్చుని రాస్తున్నాను.

2009లో రైలు డ్రైవరుగా రామగుండం నుంచి బొగ్గు గూడ్సు బండి తీసుకొస్తుండగా, తెల్లవారుజామున ఒక మనిషి పట్టాల మీదకు వచ్చి నిలబడ్డాడు. లోడు బండికి ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరు దాకా పడుతుంది. ఆ కిలోమీటరు పొడవునా హారన్ మోగిస్తూ చూస్తూ ఉండడం తప్ప ఇంజిన్‌లో ఉన్నవాడు చేయగలిగింది ఏమీ లేదు. బండి ఆగింది, రాయాల్సిన కాగితాలు రాశాము, మళ్ళీ బండి కదిలింది, కాజీపేటలో డ్రైవర్లు డ్యూటీ ఎక్కి దిగే లాబీలో సంతకం పెట్టి ఇంటికి వచ్చి స్నానం చేసి అన్నం తిన్నాను. అంతా మామూలుగానే ఉందనుకున్నాను. నెల తిరగకముందే రాత్రి రెండింటికి ఒళ్ళంతా చెమటతో మెలకువ రావడం మొదలైంది. ఆ సెక్షన్ మీదుగా వెళ్ళే డ్యూటీ (లింకు అంటాము) పడితే ఎవరినో బతిమాలి మార్చుకునేవాడిని. ఒక సాయంత్రం వంటింట్లో స్టీలు పళ్ళెం కింద పడి చప్పుడైతే, చేతిలో ఉన్న చాయ్ గ్లాసును గోడకేసి కొట్టాను. పెద్దమ్మ ఒక్క మాట అనకుండా గాజు పెంకులు ఏరింది. తర్వాత పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. పన్నెండో రోజు ఆటో పిలిచి, ఎక్కమన్నది.

మొదట వెళ్ళిన చోట నా ముఖం కూడా సరిగా చూడకుండా అయిదు నిమిషాల్లో నిద్రమాత్రలు రాసిచ్చారు. అవి వేసుకుంటే మరుసటి రోజు మధ్యాహ్నం దాకా మత్తు దిగేది కాదు, అలాంటి మత్తులో ఇంజిన్ ఎక్కేవాడికి ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర లేదు. రెండోసారి వెళ్ళినచోట మాత్రం గంటసేపు అడిగారు. నీకు నేను చెప్పే మొదటి సంగతి కూడా అదే: ఒక్కసారి వెళ్ళి నచ్చలేదని ఊరుకోకు, మూడు సార్లు వెళ్ళినా నీ మాట అవతలి మనిషికి చేరడం లేదనిపిస్తే ఆ మాట వాళ్ళతోనే మర్యాదగా చెప్పి, మరొకరిని చూసుకో.

ఎవరి దగ్గరకు వెళ్ళాలన్న దాంట్లో మనవాళ్ళకు చాలా గందరగోళం ఉంది. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, కూర్చోబెట్టి మాట్లాడించి, అభ్యాసాలు చేయిస్తారు. వాళ్ళకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి, ఆ నంబరు అడగడానికి మొహమాటపడకు. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకోగలరు కనుక ఏం చదివారో కనుక్కొని వెళ్ళు. డబ్బు ఇబ్బంది అయితే వరంగల్‌లోని ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఏ రాత్రో ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చెయ్యి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ అది, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా పడదు. నువ్వు పనిచేసే బ్యాంకులో ఈ సంగతి తెలిసిపోతుందేమోనన్న నీ భయానికి కూడా జవాబు ఉంది: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ళ బాధ్యత, శరీరానికి వచ్చే జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకు కూడా బీమా కంపెనీలు పాలసీ ఇవ్వాలని అదే చట్టం చెప్పింది.

వెళ్ళే ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు చేయించుకో. ఇవి తేడాగా ఉన్నా నీరసం, దిగులు, చిరాకు వస్తాయి. వాటిని మనసు జబ్బు అనుకొని నెలలు గడిపినవాళ్ళను నేను చూశాను. అక్కడ నీకు పీహెచ్‌క్యూ-9 అనే కాగితం ఇవ్వవచ్చు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది లేదా అంతకన్నా ఎక్కువ వస్తే దిగులు మధ్యస్థం లేదా అంతకు మించి ఉండవచ్చని లెక్క. బాగా కనబడాలని తక్కువ వేయకు, అది పరీక్ష పేపరు కాదు.

ఇక లోపల ఏం జరుగుతుందన్నది. నాకు చేసినది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, సీబీటీ అంటారు. 1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు దీన్ని రూపొందించారు. జరిగిన సంగతికీ మనకు వచ్చే కోపానికీ నడుమ ఒక ఆలోచన ఉంటుందనీ, అది మనకు తెలియకుండానే మెరుపులా వచ్చిపోతుందనీ, దాన్ని పట్టుకొని కాగితం మీద పెట్టి పరిశీలిస్తే కోపం పట్టు సడలుతుందనీ అందులోని సారం. నాకు వందపేజీల నోటుబుక్కు కొనమన్నారు. నాలుగు గడులు గీయించారు: ఏం జరిగింది, నాకు ఏమనిపించింది, దానికి సాక్ష్యం ఏమిటి, ఇంకేమై ఉండవచ్చు. అందులో ఒక పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "శనివారం. డ్యూటీ దిగి వచ్చేసరికి అన్నం కాలేదు. నేనంటే లెక్క లేదు అనిపించింది. సాక్ష్యం: ఏమీ లేదు. నిన్న రాత్రి ఒంటిగంటకు లేచి టిఫిన్ బాక్సు కట్టింది. గ్యాస్ అయిపోయిందట, పక్కింట్లో అడిగితే దొరకలేదట." ఆ చివరి రెండు వాక్యాలు రాయడానికి నేను పెద్దమ్మను అడగాల్సి వచ్చింది, ఎందుకు కాలేదని అంతవరకు నేను అడగనే లేదు.

వారానికి ఒక ముప్పావుగంట ఆ గదిలో కూర్చున్నంత మాత్రాన ఎవరూ బాగుపడరు. మిగిలిన ఆరు రోజులు ఇంట్లో నువ్వు చేసేదే అసలు వైద్యం, లోపలికి వెళ్ళేది ఆ ఆరు రోజుల లెక్క అప్పజెప్పి, మళ్ళీ వారానికి సరిపడా పని తెచ్చుకోవడానికి. నోటుబుక్కు రాయకుండా వెళ్ళిన రెండు వారాలూ నేను ఫీజు దండగ చేసుకున్నాను. ఆ తెల్లవారుజామున జరిగినదాన్ని ఇప్పుడే కళ్ళ ముందు జరుగుతున్నట్టు గట్టిగా చెప్పించారు, మళ్ళీ మళ్ళీ చెప్పించారు. మొదటిసారి చెప్పలేక లేచి బయటకు వచ్చేశాను. ఆరోసారికో ఏడోసారికో నా గొంతు వణకడం ఆగింది. ఆ తర్వాత లింకు మార్చుకోవడం మానేశాను. నీకు ఈ పద్ధతే పెడతారని అనుకోకు. నీ బాధ వేరు, దానికి చేసే వైద్యం కూడా వేరుగా ఉండవచ్చు. ఏదైనా మూడు నాలుగు నెలల పని అని మనసులో పెట్టుకో.

మందులు రాస్తే భయపడకు. దిగులుకు ఇచ్చే మందులు పట్టు చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. గుణం కనబడకముందే కడుపులో వికారం లాంటివి వస్తాయి కనుక చాలామంది మొదటి వారంలోనే మానేస్తారు. నేను చేసిన తప్పు వేరు: రెండో నెలలో బాగానే ఉన్నాను కదా అని చెప్పకుండా ఒక్కసారిగా ఆపేశాను. మూడు రోజులు తల తిరిగింది, తలలో కరెంటు కొట్టినట్టు అయింది. ఆపాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

అలవాట్లలో నేను నిద్రను మొదట పెడతాను, ఎందుకంటే పగలూ రాత్రీ తేడా లేకుండా ముప్పై ఏళ్ళు, డ్యూటీల నడుమ డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూముల్లో పడుకొని దాని విలువ తెలుసుకున్నవాడిని. పడుకునే వేళ కన్నా లేచే వేళను స్థిరంగా పెట్టుకో, ఆదివారమైనా సరే. మంచం నిద్రకే, ఫోన్ చూడడానికి కాదు. ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర పట్టకపోతే అక్కడే దొర్లకుండా లేచి వేరే గదిలో కూర్చో, కళ్ళు మూతలు పడుతున్నప్పుడు మళ్ళీ వెళ్ళు. సాయంత్రం నాలుగు దాటాక చాయ్ మానేస్తే మేలు, తాగిన చాయ్‌లోని కెఫీన్ సగం తగ్గడానికే అయిదు గంటలు పడుతుంది. దావత్‌లకు వెళ్ళవద్దని అనను కానీ, మందు తాగితే నిద్ర త్వరగా పట్టినా నడిరాత్రి దాటాక చెదిరిపోతుంది. పైగా డాక్టరిచ్చిన మాత్రలతో అది పనికిరాదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక పెద్దవాళ్ళకు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయిదు రోజులకు పంచితే రోజుకు అరగంట. నేను భద్రకాళి చెరువు కట్ట మీద నడిచాను, నీకు కరీంనగర్‌లో మానేరు డ్యాం కట్ట ఉండనే ఉంది. మొదటి పది రోజులు కాళ్ళు కదలవు, అప్పుడు చెప్పులు వేసుకొని గేటు దాకా వెళ్ళినా చాలు.

కోడలి సంగతికి వస్తాను. నువ్వు ఫోన్‌లో "ఆమెకు గుణం జెప్పుమని" కౌన్సెలింగ్‌కు తీసుకెళ్తానన్నట్టు మాట్లాడావు. అది కుదరదు. మనదగ్గర పెద్దమనుషుల పంచాయితీలో ఇరువైపుల వాళ్ళూ కూర్చుని తప్పెవరిదో తేలుస్తారు; దంపతులను కూర్చోబెట్టే కౌన్సెలర్ తప్పు తేల్చరు, మీరిద్దరూ ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతున్నారో చూపిస్తారు. అందుకే ముందు నువ్వు ఒక్కడివే నీ కోసం వెళ్ళు, తర్వాత ఆమె ఒప్పుకుంటే ఇద్దరూ వెళ్ళండి. అక్కడ నేర్చుకున్న మాటలు తెచ్చి ఆమె మీద విసరకు. "నువ్వు టాక్సిక్" అనడానికీ, వెనకటి తిట్టుకూ పెద్ద తేడా లేదు. చేయి చేసుకునే దాకా వెళ్ళిన ఇంట్లో మాత్రం ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం పద్ధతి కాదు, అక్కడ ముందు ఆడమనిషి క్షేమం చూడాలి, దానికి 181 నంబరు ఉంది. నువ్వు అలాంటి పని చేయలేదని నమ్ముతున్నాను. చేసి ఉంటే ఆ మాట డాక్టరుతో మొదటి రోజే చెప్పు.

తగాదా మధ్యలో ఆగడం గురించి ఒక మాట. అమెరికాలోని సియాటిల్‌లో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వవేత్త భార్యాభర్తల తగాదాలను, వాళ్ళ గుండె వేగాన్ని కొలుస్తూ, ఏళ్ళ తరబడి పరిశీలించారు. గుండె నిమిషానికి వంద దాటి కొట్టుకుంటున్నప్పుడు మనిషికి ఎదుటివారి మాట చెవికెక్కదని, మళ్ళీ నెమ్మదించడానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలని ఆయన చెప్పేది. నేను చేసేది ఏమిటంటే "నాకు అరగంట కావాలె, మళ్ళ వచ్చి మాట్లాడుత" అని చెప్పి కట్ట మీదకు వెళ్ళడం. ఆ రెండో ముక్క చెప్పకుండా లేచిపోతే అది అలగడమే అవుతుంది. అలిగేవాళ్ళకు మన బతుకమ్మలోనే చోటుంది చూడు: ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆనాడు పూలు పేర్చరు, ఆట ఆడరు. కానీ ఏడో రోజు వేపకాయల బతుకమ్మకు అందరూ మళ్ళీ పూలు తెచ్చుకుంటారు. పదకొండు రోజుల మౌనం మా ఇంట్లో మాదే తప్పు అని పెద్దమ్మ కూడా ఒప్పుకుంటుంది.

మేము పెట్టుకున్న అలవాటు ఒకటుంది. రాత్రి భోజనాలయ్యాక గడప దగ్గర మెట్ల మీద పది నిమిషాలు కూర్చుంటాము. డబ్బుల మాట, పిల్లల మాట, మా అన్నదమ్ముల భూమి మాట అక్కడ ఎత్తకూడదు. మొదట్లో మాట్లాడడానికి ఏమీ ఉండేది కాదు, వీధిలో పోయే కుక్కల గురించి మాట్లాడుకున్నాము. కోడలు వచ్చేదాకా ఆగకుండా, రోజూ ఒకే వేళకు ఫోన్ చేసి, ఎప్పుడొస్తావని అడగకుండా పది నిమిషాలు మాట్లాడి చూడు.

ఇంకొకటి, ఇది దాటవేయకుండా చదువు. ఎప్పుడైనా బతకాలని లేదు అన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళు, లేదా ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్యి. ఊళ్ళో మీ బాపు పత్తికి కొట్టే పురుగుల మందు డబ్బాలు నువ్వు పడుకునే గది అటక మీదనే పెడతాడు. వాటిని తీసి తాళం వేసిన పెట్టెలో, వేరే చోట పెట్టమని నేనే వాడికి చెబుతాను, కారణం చెప్పను. కష్టకాలం చాలాసార్లు కొన్ని గంటల్లో తగ్గుముఖం పడుతుంది, ఆ గంటల్లో అలాంటివి చేతికి అందకుండా ఉండడం చాలా ముఖ్యం.

బుధవారం పొద్దున పదిన్నరకు హన్మకొండలో డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. ఎనిమిది గంటల లోపు బస్సు ఎక్కు, రక్తపరీక్షల కాగితాలు, ఇప్పుడు వేసుకునే మందులేమైనా ఉంటే వాటి పట్టీలు తెచ్చుకో. బస్టాండులో దిగగానే ఫోన్ చెయ్యి, స్కూటర్ మీద వస్తాను. నువ్వు లోపల ఉన్నంతసేపు బయట బెంచీ మీద పేపరు చదువుకుంటాను, ఏం చెప్పావని అడగను. మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనే, పెద్దమ్మ పచ్చిపులుసు చేస్తానంటోంది.

ఇట్లు
మీ పెద్దబాపు