పురిటికి కావలి వెళ్తున్నావా? ఇంజెక్షన్ కాగితం మర్చిపోకు

డల్లాస్‌కి కొత్తగా వచ్చిన కావలి అమ్మాయి అడిగింది: "నా బ్లడ్ గ్రూపు ఓ నెగటివ్, ఆయనది బి పాజిటివ్. ఇప్పుడు అయిదో నెల. పురిటికి ఊరెళ్దామనుకుంటున్నాం. మేనరికం కూడా కావడంతో బిడ్డకేమైనా అవుతుందేమోనని అత్తయ్య భయపడుతోంది."

మేనరికానికీ దీనికీ సంబంధం లేదమ్మా. తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయితేనే ఈ గొడవ. కాన్పులో బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిస్తే ఆమె ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. ఆ తర్వాత కడుపులో పడే పాజిటివ్ బిడ్డ ఎర్రకణాలను అవి నాశనం చేస్తాయి. అలా జరగకుండా ఉండేందుకే 28వ వారంలో ఒక యాంటీ-డి ఇంజెక్షన్, బిడ్డ పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకొకటి వేస్తారు. ఇక్కడ రోగామ్ అంటారు, 1968 నుంచీ ఉన్న మందే.

28వ వారమంటే ఏడో నెల. సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్లేదీ అప్పుడే! అక్కడ వేస్తారులే అని ఇక్కడి డాక్టరు, అమెరికాలో వేసే ఉంటారని అక్కడి డాక్టరు అనుకుంటే నీ ఇంజెక్షన్ గాలికి పోతుంది. విమానం ఎక్కేముందే వేయించుకో. తేదీ, డోసు, అంతకుముందు చేసిన యాంటీబాడీ పరీక్ష ఫలితం ప్రింటు తీసుకో. యాప్‌లో ఉందిగా అనకు, ఓటీపీ ఇక్కడి నంబరుకే వస్తుంది. ఇంజెక్షన్ తర్వాత కొన్ని వారాలు ఆ పరీక్ష పాజిటివ్ రావచ్చు. తేదీ చూపించకపోతే అక్కడ అందరికీ అనవసరపు టెన్షన్.

ఇంతకుముందు అబార్షన్ అయ్యుంటే, అత్తింట్లో తెలియకపోయినా సరే, డాక్టరుకి చెప్పు. అప్పుడు కూడా యాంటీబాడీలు పుట్టొచ్చు. ఒకసారి పుట్టాక ఈ ఇంజెక్షన్ వాటిని పోగొట్టలేదు.

మీ ఆయనది బి కాబట్టి ఇంకొకటుంది. తల్లి ఓ, బిడ్డ బి అయితే మొదటి కాన్పులోనే బిడ్డకు కామెర్లు రావచ్చు. దీనికి ముందస్తు ఇంజెక్షన్ లేదు, ఎక్కువమందికి లైటు కింద పెడితే తగ్గిపోతుంది. పొద్దుటెండలో పడుకోబెడితే చాలని మీ అమ్మ అంటుంది (మా అమ్మా అన్నది). వద్దు, కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ పరీక్ష చేయించు.

కావలిలో నువ్వు చూపించుకునే ఆసుపత్రిలో యాంటీ-డి ఉందో లేదో ఇప్పుడే మీ నాన్నను కనుక్కోమను. నెల్లూరు నుంచి తెప్పించాలంటే నొప్పులు రాకముందే తెప్పించి, ఆసుపత్రి ఫ్రిజ్‌లోనే పెట్టించండి.