కెనడా వీసా ఉంది కదా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరాపుతారు?

సందేహం: మాది గాజువాక. అమ్మ వయసు 63. టొరంటోలో ఉన్న చెల్లి దగ్గరికి పంపడానికి ద్వారకానగర్‌లో తెలిసిన ఏజెంటు దగ్గర టికెట్లు తీసుకున్నాను. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ఒక కంపెనీ, అక్కడి నుంచి టొరంటో ఇంకో కంపెనీ. రెండూ వేర్వేరు టికెట్లు, మొత్తం 96 వేలు. శంషాబాద్ కౌంటర్లో షెంగెన్ వీసా (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే వీసా) లేదని అమ్మను విమానం ఎక్కనివ్వలేదు. డబ్బంతా పోయింది. ఏజెంటుని అడిగితే "వీసా చూసుకోవడం ప్యాసింజర్ బాధ్యత, టికెట్ మీదే రాసి ఉంది" అంటున్నాడు. విమాన కంపెనీ మీద కేసు వెయ్యొచ్చా?

జవాబు: ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. విమాన కంపెనీ మీద కేసు నిలబడటం కష్టం. ఏజెంటు మీద మాత్రం నిలబడుతుంది, అదీ మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో ఉన్న ఒక్క మెసేజ్ పుణ్యమా అని. డబ్బు కట్టక ముందు రోజు రాత్రి "ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏమైనా వీసా కావాలా సార్" అని మీరు అడిగారు. రెండు నిమిషాల్లో ఆయన "కెనడా వీసా ఉంది కదా, ఇంకేం అక్కర్లేదు, టెన్షన్ పడకండి" అని, పక్కన బొటనవేలు బొమ్మ కూడా పెట్టి పంపాడు.

తమాషా ఏమిటంటే ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. యూరప్ వీసా కోడ్ ప్రకారం కెనడా, అమెరికా, జపాన్ లాంటి దేశాల వీసా చెల్లుబాటులో ఉన్నవాళ్లకి షెంగెన్ ఎయిర్‌పోర్టులో విమానం మారడానికి ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. ఆ దేశం వెళ్లి, వీసా వాడుకుని తిరిగొచ్చేటప్పుడు కూడా అక్కర్లేదు. కానీ ఈ మినహాయింపు ఎయిర్‌పోర్టు లోపల, ఇమిగ్రేషన్ దాటకుండా ఒక గేటు నుంచి ఇంకో గేటుకి నడిచేవాళ్లకే. మీ అమ్మగారిది రెండు టికెట్ల ప్రయాణం. పెట్టెను మొదటి కంపెనీ ఫ్రాంక్‌ఫర్ట్ దాకానే తీసుకెళ్తుంది. ఆమె దాన్ని బెల్టు మీద నుంచి దించుకుని, బయటికొచ్చి, రెండో కంపెనీ కౌంటర్లో మళ్లీ చెక్‌ఇన్ చెయ్యాలి. బయటికి రావడమంటే జర్మనీలో అడుగుపెట్టడమే, దానికి మామూలు షెంగెన్ వీసా కావాలి. కెనడా వీసా అక్కడ పనికిరాదు.

మీరు ఉత్తరంలో రాశారు చూడండి, కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్ట్ చూడకముందే "పెట్టె ఎక్కడిదాకా వెయ్యాలమ్మా" అని అడిగిందని, ఆవకాయ జాడీ, మాడుగుల హల్వా ఉన్న ఆ 23 కిలోల పెట్టెని అమ్మ తూకం మీద పెట్టేసి "టొరంటోకమ్మా" అందని. అసలు ప్రశ్న అదే. మనవాళ్లు చేతిలో ఏ వీసా ఉందో చూసుకుంటారు గానీ పెట్టె ఎక్కడ దిగుతుందో చూసుకోరు. పెట్టె ఎక్కడ దిగితే మనమూ అక్కడ దిగాల్సిందే.

ఇక విమాన కంపెనీ సంగతి. కౌంటర్లో వాళ్లు సొంత బుర్రతో తేల్చరు, విమాన కంపెనీల అంతర్జాతీయ సంఘం ఐయాటా వాళ్ల టైమాటిక్ అనే డేటాబేస్‌లో మన పాస్‌పోర్ట్, వీసా, దారి కొట్టి చూస్తారు. సరైన కాగితాలు లేని మనిషిని తీసుకెళ్తే అవతలి దేశం జరిమానా వేసేది కంపెనీకే. బ్రిటన్‌లో అయితే మనిషికి 2,000 పౌండ్లు, యూరప్ దేశాల్లోనూ వేల యూరోల్లోనే. అందుకే అక్కడ ఎంత బతిమాలినా కరగరు. సీట్లకు మించి టికెట్లు అమ్మి ఎక్కించకపోతే డీజీసీఏ (మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే సంస్థ) నిబంధనల కింద పరిహారం వస్తుంది గానీ, కాగితాలు లేవని ఆపితే అది వర్తించదు. ఇదే మీ అమ్మగారిది ఒకే టికెట్ అయి, పెట్టె నేరుగా టొరంటో వెళ్లేదై ఉండి, అయినా ట్రాన్సిట్ వీసా లేదని ఆపి ఉంటే అప్పుడు నేనే కంపెనీ మీద వేద్దాం పదండి అనేవాణ్ణి, ఎందుకంటే అప్పుడు రూల్ తప్పు చదివింది వాళ్లు.

కంపెనీకి మాత్రం ఒక ఈమెయిల్ పెట్టండి. వాడని టికెట్ మీద ట్యాక్సులు, ఎయిర్‌పోర్టు ఫీజులు వెనక్కి అడగండి. మన దేశపు కంపెనీ అయితే, బేసిక్ ఫేర్ తిరిగి ఇవ్వని టికెట్ అయినా ఇవి ఇచ్చి తీరాలని డీజీసీఏ నిబంధన ఉంది. విదేశీ కంపెనీకి వాళ్ల దేశపు రూల్ వర్తిస్తుంది, అయినా అడగడానికి మొహమాటం దేనికి? అదే ఈమెయిల్లో ఎందుకు ఎక్కనివ్వలేదో రాసిమ్మని అడగండి. ఆ జవాబు ఏజెంటు మీద కేసులో మీకు సాక్ష్యం.

ఏజెంటు చెప్పే "టికెట్ మీద రాసి ఉంది" అనే మాట కంపెనీకి రక్షణ, ఆయనకి కాదు. మీరు వీసా గురించి సూటిగా అడిగారు, ఆయన సూటిగా వద్దన్నాడు, ఆ మాట మీదే మీరు డబ్బు కట్టారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సేవాలోపం అన్న మాటకు 2(11) సెక్షన్ ఇచ్చిన అర్థంలో నిర్లక్ష్యమూ వస్తుంది, తెలిసీ అవసరమైన సమాచారం దాచడమూ వస్తుంది. రెండు టికెట్లయితే పెట్టె బయటికి తీసుకోవాలన్నది ఈ వ్యాపారంలో రోజూ ఉండేవాడికి తెలియదంటే నమ్మేదెలా? ఆయన వేసే ఎదురు ప్రశ్న కూడా ఊహించుకోండి: "రెండు పీఎన్‌ఆర్‌లని (వేర్వేరు బుకింగ్ నంబర్లని) తెలిసే, డబ్బు కలిసొస్తుందని తీసుకున్నారు కదా?" అంటాడు. అందులో కొంత నిజం ఉంది, వినియోగదారుల కమిషన్ దాన్ని బట్టి పరిహారం తగ్గించినా తగ్గించవచ్చు. నా అంచనా అడిగితే, టికెట్ల డబ్బు, ఖర్చులు, కొంత మానసిక వేదన కింద వస్తాయి. ఇప్పుడు కొనే కొత్త టికెట్ ధర మొత్తం ఆయన చేత కట్టించడం కష్టం. ఇరవై లక్షలకు కేసు వెయ్యమని ఎవరైనా ఎగదోస్తే వినకండి.

కేసు విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్లోనే వెయ్యొచ్చు, శంషాబాద్ చుట్టూ తిరగనక్కర్లేదు. మీరు నివాసం ఉండే చోట వేసుకునే వీలు 34వ సెక్షన్ ఇస్తుంది. పైగా ఏజెంటూ ఇక్కడే ఉన్నాడు. జిల్లా కమిషన్ పరిధి 50 లక్షల దాకా, అదీ మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, సేవకు కట్టిన డబ్బుని బట్టి. ఆ డబ్బు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. డబ్బు కట్టింది మీరు, ప్రయాణం అమ్మగారిది కనుక ఫిర్యాదిదారులుగా ఇద్దరి పేర్లూ పెట్టండి. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. దానికి ముందు 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి, చాలామంది ఏజెంట్లు అక్కడే దారికొస్తారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

కొత్త టికెట్ కొనేటప్పుడు, ఈసారి ఏజెంటు ఎవరైనా సరే, ఒకే టికెట్టా, పెట్టె టొరంటో దాకా నేరుగా వెళ్తుందా అని రాతపూర్వకంగా అడగండి. తర్వాత కంపెనీకి కూడా అదే రాసి అడగండి, ఎందుకంటే ఒకే పీఎన్‌ఆర్ అయినా పెట్టె మధ్యలో దించే సందర్భాలు ఉంటాయి. దారిలో తగిలే దేశం ఎంబసీ సైటు టికెట్ కొనేముందు ఒకసారి, బయల్దేరే వారంలో ఇంకోసారి చూడండి, ఈ రూల్స్ మారుతూనే ఉంటాయి. దుబాయ్, దోహా మీదుగా ఒకే టికెట్ మీద లోపలే విమానం మారితే వీసా గొడవ ఉండదు. అమెరికా మీదుగా వద్దే వద్దు. అక్కడ బయటికి రాకుండా మారే ఏర్పాటే లేదు, రెండు గంటల ఆగుడుకైనా సీ-1 (ట్రాన్సిట్) వీసానో విజిటర్ వీసానో ఉండాల్సిందే. యూరప్‌లో ఒక్క చోటే ఆగే దారి చూసుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి లిస్బన్ వెళ్లి అక్కడ ఇంకో విమానం అంటే, ఆ మధ్య ప్రయాణం షెంగెన్ లోపలిది కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఇమిగ్రేషన్ దాటాలి.

ఇంకొక్కటి. ఫిర్యాదుకి రెండేళ్ల గడువు, కౌంటర్లో ఆపిన రోజు నుంచి లెక్కేసుకోండి. ఆ చాట్ ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద, అవి మీ ఫోన్లోవేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేస్తే మంచిది. కేసు తేలేదాకా ఆ ఫోన్ అమ్మకండి, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయకండి. ఫోన్ పోయినా, పాడైనా చిక్కు లేకుండా ఈ రోజే చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, మీ ఈమెయిల్‌కి మీరే పంపుకోండి.