నిధుల అధ్యాయం ముందు చదువు

చిరంజీవి సుధకు, మామయ్య ఆశీస్సులు.

స్థానిక ప్రభుత్వాల చట్టం రాసే బృందంలోకి నిన్ను తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. నియంతృత్వం నుంచి ఇప్పుడిప్పుడే బయటపడిన దేశంలో అందరికీ అన్నీ వెంటనే కావాలి. ఆ తొందర చూస్తేనే నాకు భయం.

ఓటర్ల జాబితా, వార్డుల హద్దులు, పోలింగు ఏర్పాట్లు నీకు చెప్పనక్కరలేదు. ఎన్నికలు త్వరగా జరపడమూ తప్పు కాదు. పోలండ్‌లో 1990 మార్చిలో చట్టం వచ్చింది, మే నెలలో ఓట్లు పడ్డాయి. అయితే వాళ్లు అప్పటికి గ్మినాలతో, అంటే ఊరు, పట్టణం స్థాయి ప్రభుత్వాలతో ఆగారు. పొవియట్లనే జిల్లాలనూ, 16 పెద్ద ప్రాంతాలనూ 1999లో గానీ తేలేదు.

ఇండొనేషియా కథ మాత్రం నిదానంగా చదువు. 1998లో నియంత సుహార్తో దిగిపోయాడు. మరుసటి ఏడు రెండు చట్టాలు చేసి, 2001 జనవరి 1 నుంచి బడులు, ఆరోగ్యం, ప్రజాపనులు జిల్లాలకు అప్పగించారు. ప్రావిన్సులకు బలమిస్తే విడిపోతామంటాయేమోనని వాటిని దాటేశారు. దాదాపు 20 లక్షల మంది ఉద్యోగులు ప్రాంతీయ ప్రభుత్వాల కిందికి వచ్చారు. డబ్బు ఇవ్వలేదా అంటే ఇచ్చారు, దేశీయ ఆదాయంలో కనీసం 25 శాతం. తిరకాసంతా దాన్ని పంచే సూత్రంలో ఉంది. చిన్నదైనా పెద్దదైనా ప్రతి జిల్లాకూ కొంత స్థిరమైన వాటా, దానికి తోడు జీతాల లెక్క. ఉద్యోగులను తగ్గించుకున్న జిల్లాకు ఒరిగేదేమీ లేదు. జిల్లాను చీలిస్తే రెండు వాటాలు, రెండు కార్యాలయాలు, రెండు మండళ్లు. సుమారు 300 ఉన్న జిల్లాలు, నగరాలు కలిపి 500 దాటాయి. ఆఫీసు దగ్గరైందని సంతోషించిన జనమూ ఉన్నారు, కాదనను. కానీ గ్రాంటు లెక్క రాసినవాళ్లు తాము దేశపటం గీస్తున్నామని అనుకుని ఉండరు.

నీకేమో పటాలంటే ఇష్టం, అంకెలంటే విసుగు. లెక్కల పుస్తకం కింద అట్లాసు దాచుకుంటే చూడనట్టు ఊరుకునేవాణ్ణి. ఇక ఊరుకోను! సూత్రం సంగతి ఆర్థిక శాఖ చూసుకుంటుందని ఎవరైనా అంటే తల ఊపకు. కాగితం మీద ఒక జిల్లాను రెండుగా చీల్చు. రెండింటికీ కలిపి వచ్చేది పాతదానికంటే ఎక్కువైతే ఆ సూత్రం తిప్పి పంపు. రెండు పక్క ఊళ్లను కలిపి కూడా చూడు. ఉక్రెయిన్‌లో 2015 నుంచి ఇష్టపడి కలిసిన ఊళ్లకు వ్యక్తిగత ఆదాయపు పన్నులో 60 శాతం వదిలారు. కదలనివాటిని 2020లో ప్రభుత్వమే కలిపింది.

సిబ్బంది బదిలీ తేదీ కూడా చట్టంలోనే ఉండాలి. నేపాల్‌లో 2017లో 753 స్థానిక ప్రభుత్వాలకు ఎన్నికలు జరిగాయి. గెలిచినవాళ్లు కుర్చీల్లో కూర్చునేసరికి చాలాచోట్ల ఉద్యోగులే రాలేదు.

నీ మాట నెగ్గని రోజు భోజనం మానేస్తావని నాకు తెలుసు. ఆ పని చేయకు. ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టాక నిధుల అధ్యాయం నాకు పంపు, అంతకుముందు వద్దు. ఆదివారాలు మీ అమ్మకు ఫోను చేయి. నాకు చేయకపోయినా ఫరవాలేదు.

మామయ్య