బడిలో ఏడిపించే పిల్లలతో రాజీ చేయిస్తామంటే ఒప్పుకోవచ్చా?

ఏడో తరగతి చదువుతున్న మీ అబ్బాయిని కొందరు తోటి పిల్లలు నెలల తరబడి ఏడిపిస్తున్నారనీ, ఇరువర్గాలనూ కూర్చోబెట్టి రాజీ చేయిస్తామని బడివారు అంటున్నారనీ, దానికి ఒప్పుకోవచ్చా అనీ అడిగారు. తిరుపతిలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలిగా చాలాకాలం పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, ఒప్పుకోకండి.

సమఉజ్జీలైన ఇద్దరు పిల్లలు బ్యాటు కోసం కొట్టుకుంటే రాజీ కుదురుతుంది, ఎందుకంటే ఇద్దరూ కొంత తగ్గడానికి వీలుంటుంది. ఏడిపించడం అలాంటిది కాదు. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయంలో బడి పిల్లల మధ్య ఇలాంటి వేధింపులపై దశాబ్దాల పాటు పరిశోధించిన డాన్ ఓల్వేయస్ వాటికి మూడు లక్షణాలు చెప్పారు: కావాలని బాధపెట్టడం, అది పదేపదే జరగడం, బాధపడేవాడు తనను తాను కాపాడుకోలేనంత బలం తేడా ఉండడం. ఆ మూడోది ఉన్నచోట రాజీ అంటే బలహీనుడే తగ్గాలి.

నగరి వైపు పల్లె నుంచి వచ్చి మా బడిలో ఎనిమిదో తరగతిలో చేరిన ఒక పిల్లవాడి తెలుగులో అరవ యాస వినిపించేది. ఆ సరిహద్దు ఊళ్లలో రెండు భాషలూ కలిపి మాట్లాడే ఇళ్లు చాలా ఉంటాయి కనుక అందులో వింతేమీ లేదు. అయినా అతనికి 'అరవోడు' అని పేరు పెట్టి, పాఠం చదవడానికి లేచినప్పుడల్లా వెనక బెంచీల నుంచి అదే యాసలో ఎక్కిరించేవారు. విషయం బయటపడ్డాక పెద్దలు పిలిపించి, సారీ చెప్పించి, చేతులు కలిపించి పంపారు. ఆ తరువాత ఎగతాళి తరగతి గదిలో ఆగి, సాయంత్రం ఇంటికి వెళ్లే ఆటోలోకి మారింది. 'సార్‌కి చెప్తావా' అన్న బెదిరింపు కూడా తోడైంది. ఆ పిల్లవాడు ఆటో మానేసి ఎండలో కొర్లగుంట దాకా నడిచి వెళ్లడం మొదలుపెట్టాకే మాకు సంగతి తెలిసింది.

ఇందులో ముందుండి నడిపినవాడు అల్లరి పిల్లవాడు కాదు, మార్కులు బాగా తెచ్చుకుని అందరి మెప్పూ పొందేవాడు. (అల్లరివాళ్లే ఇలా చేస్తారన్నది స్టాఫ్ రూములో ఎంత చెప్పినా పోని నమ్మకం.) అతనికి కావలసింది వెనక బెంచీల నవ్వు. అందుకే తరగతి ఉపాధ్యాయిని బాధితుణ్ణి మళ్లీ అందరి ముందుకు రప్పించకుండా, నవ్వేవాళ్లను ఒక్కొక్కరినే విడిగా పిలిచి, ఈసారి అలా జరిగితే నువ్వేం చేస్తావని అడిగారు. నాయకుణ్ణి కూడా విడిగానే పిలిచి గట్టిగా హెచ్చరించారు. ఇద్దరు పిల్లలు కొత్తవాడితో కలిసి ఆటో ఎక్కడానికి ఒప్పుకున్నారు. నవ్వు తగ్గేసరికి ఆట కూడా చప్పబడింది. ఇలాంటి వేధింపులను ఆపడానికి ఫిన్లాండ్ బడుల్లో నడిచే 'కివా' కార్యక్రమం కూడా చూస్తూ ఉండే పిల్లల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

కాబట్టి మీరు రాజీకి బదులు ఇవి అడగండి. ఏ రోజు, ఎక్కడ, ఎవరి ఎదుట ఏం జరిగిందో రాసిన కాగితం ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కుళాయిల దగ్గర, మరుగుదొడ్ల వైపు, బస్సులో లేదా ఆటోలో పెద్దల కన్ను ఎలా ఉంటుందో చెప్పమనండి, ఎందుకంటే ఇవన్నీ ఎక్కువగా జరిగేది పెద్దలు లేని చోటే. వాట్సాప్ గ్రూపులో ఏమైనా పెట్టి ఉంటే చెరిపేసేలోపు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. మీ బడి సీబీఎస్‌ఈది అయితే, ఇలాంటి వేధింపుల నివారణకు పాఠశాలలో కమిటీ ఉండాలని బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కమిటీలో ఎవరున్నారో అడగండి. 'నువ్వూ తిరిగి కొట్టు' అని ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. బలం తేడా ఉన్నచోట అది వాడికి మరిన్ని దెబ్బలే తెస్తుంది. అవతలి పిల్లవాడి ఇంటికి మీరే వెళ్లి నిలదీయడం కూడా వద్దు.

బడి కదలకపోతే పిల్లల సహాయ నంబరు (చైల్డ్ హెల్ప్‌లైన్) 1098కు ఫోన్ చేయవచ్చు. బాబు తిండి, నిద్ర మానేస్తున్నా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా బడి నిర్ణయం కోసం ఆగకుండా అదే రోజు వైద్యునికి చూపించండి; ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఏ వేళకైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడుతుంది.