శిలాఫలకం మీద 'వీరమరణం' అని రాయవచ్చా?

సందేహం: సియాచిన్‌లో మంచుచరియ కింద పడి చనిపోయిన హవల్దార్ విగ్రహాన్ని మా కాలనీ పార్కులో పెడుతున్నాం. గ్రానైట్ పలక కోసం డీటీపీ షాపువాళ్లు 'స్వర్గీయ అమరవీరులు ఫలానా గారు వీరమరణం పొందిన జ్ఞాపకార్ధం శ్రద్దాంజలి' అని రాసిచ్చారు. సరేనా? ఆయన భార్యను వేదిక మీదికి 'వీరనారి' అని పిలవవచ్చా? డిసెంబరు 7న విరాళాల కార్యక్రమానికి 'జెండా పండుగ' అని బ్యానరు కట్టవచ్చా?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: రాయి చెక్కకముందే అడిగి మంచి పని చేశారు. ఆ ఒక్క వాక్యంలో దిద్దవలసినవి చాలా ఉన్నాయి.

ముందు 'వీరమరణం' సంగతి. పోరులో శత్రువును ఎదుర్కొంటూ ప్రాణం విడిస్తే అది వీరమరణం. మంచుచరియ విరిగిపడి పోయిన ప్రాణానికి ఆ మాట అతకదు. 'సియాచిన్‌లో దేశరక్షణ విధుల్లో ప్రాణాలర్పించారు' అని రాయండి. దీనివల్ల గౌరవం వీసమెత్తు కూడా తగ్గదు. పైగా ఆయన ఎక్కడ, ఏ పనిలో ఉండగా పోయాడో యాభై ఏళ్ల తరువాత చదివే పిల్లవాడికి కూడా తెలుస్తుంది. 'అమరవీరుడు' మాత్రం నిరభ్యంతరంగా వాడవచ్చు. 2022 ఫిబ్రవరిలో మన సైన్యం 'మార్టిర్' అనే ఇంగ్లిషు మాట వాడవద్దని లేఖ రాసింది. మతవిశ్వాసం కోసం ప్రాణమివ్వడం అనే అర్థం దానికి ఉండటమే కారణం. తెలుగులో 'అమరవీరుడు'కు ఆ ఛాయ లేదు.

'స్వర్గీయ' తీసేయండి. అమరుడన్నాక మళ్లీ స్వర్గీయుడనడం ఒకదాని మీద ఒకటి కప్పడమే. 'అమరవీరులు' అంటే పలువురనుకునే ప్రమాదముంది కాబట్టి 'అమరవీరుడు' అని పై వరుసలో విడిగా ఉంచండి. కింది వాక్యాన్ని 'వీరు' అని మొదలుపెడితే 'అర్పించారు' అనే క్రియతో పొత్తు కుదురుతుంది. హోదా, పేరు, రెజిమెంటు ఉన్నచోట 'గారు' అక్కర్లేదు. హవల్దార్ అన్నదే ఆయన సంపాదించుకున్న గౌరవం. పల్నాటి యుద్ధవీరులకు కారంపూడిలో ఉన్న గుడిని జనం వీర్లగుడి అంటారు, అంతే. కార్తీక అమావాస్య నుంచి రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు వాళ్లను కొలుస్తారు. అయినా వీర్లగుడి అన్న పేరుకు ముందు ఒక్క విశేషణమూ లేదు.

'శ్రద్ధాంజలి' ఆ రోజు కట్టే ఫ్లెక్సీకి సరిపోతుంది, పూలు పెట్టి నమస్కరించే వేళకు చెందిన మాట అది. ఏళ్ల తరబడి నిలిచే రాతికి 'జ్ఞాపకార్థం' ఒక్కటి చాలు.

ఇక అక్షరాలు. అర్థం నుంచి వచ్చింది కాబట్టి జ్ఞాపకార్థంలో థ వత్తు. పృథివి నుంచి వచ్చింది కాబట్టి పార్థివదేహంలోనూ అదే. వృద్ధికి చుట్టమైన వర్ధంతిలో ధ వత్తు. శ్రద్ధలో ద కింద ధ. ద అడుగున గీత ఉంటే ధ, ఆ గీతతో పాటు మధ్యలో చుక్క కూడా ఉంటే థ. అంగుళం అక్షరం కింద వత్తు అర అంగుళం కూడా ఉండదు, అందులో చుక్క ఎంత? ఉలి జారినా, పెయింటు నిండినా థ కాస్తా ధ అయిపోతుంది. పాత అచ్చులో వలపలగిలక (ర్‌కు బదులు అక్షరం పక్కన పెట్టే గుర్తు) వాడినప్పుడు థ పూర్తి అక్షరంగా నిలిచేది కనుక ఈ చిక్కు తక్కువ. మీరు అక్షరం ఎత్తు అంగుళంన్నర పెట్టించండి. వరుసల మధ్య కనీసం అంత ఖాళీ వదలండి. లేకపోతే పై వరుస వత్తు, కింది వరుస గుడి గుర్తు ఒకదానిలో ఒకటి దూరతాయి. ఫోనులో టైపు చేసిన యూనికోడ్ పాఠాన్ని షాపులో 'అను' అనే డీటీపీ ఫాంటులోకి మారుస్తారు. వత్తులు చెదిరేది ఎక్కువగా అక్కడే. కాబట్టి మార్చిన తరువాతి ప్రింటును అసలు కొలతలో తీయించి, పలక మీద పరిచి, ఇద్దరు వేర్వేరుగా చదవాలి. సరిచూశాకే చెక్కమనండి.

పాఠం ఇలా ఉండవచ్చు:

అమరవీరుడు
హవల్దార్ (పేరు), (రెజిమెంటు)
వీరు (తేదీ)న సియాచిన్‌లో దేశరక్షణ విధుల్లో ప్రాణాలర్పించారు.
వారి జ్ఞాపకార్థం, కాలనీవాసులు

బ్యానరు సంగతి. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, 1949 నుంచి జరుపుతున్నారు. మన ఊళ్లలో జెండా పండుగ అంటే ఆగస్టు 15 అనుకుంటారు, విరాళం మాట ఎవరికీ తట్టదు. అసలు పేరే రాసి, కింద 'సైనిక కుటుంబాలకు అండగా' అనండి.

'వీరనారి' అని సైన్యంలో అమరసైనికుల భార్యలను గౌరవంగా పిలుస్తారు. హిందీలో 'నారి' అలా అమరింది. తెలుగువారికి ఆ మాట వినగానే రుద్రమదేవో, ఝాన్సీ లక్ష్మీబాయో గుర్తొస్తారు. సభలో ఉన్నవాళ్లు ఆమే యుద్ధం చేసిందనుకుంటారు. 'వీరపత్ని' బాగుంటుంది, తల్లి వస్తే 'వీరమాత'. 'వితంతువు' అని మైకులో అనకండి. ఆహ్వానపత్రంలో ముందు ఆమె పేరు వేసి, దాని కింద 'అమరవీరుని సతీమణి' అని రాయండి. వేదిక మీదికి పిలిచేటప్పుడు కూడా ముందు పేరు, తరువాతే 'వీరపత్ని'.