ముందు నీ ఫైళ్లు, తర్వాతే విండోస్

చి. మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

రాత్రి ఫోన్లో నీ గొంతు వణుకుతుంటే సగం మాటలు నాకు సరిగ్గా అందలేదు. అర్థమైనంతవరకు సంగతి ఇది. సీ డ్రైవ్ నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. స్థలం ఖాళీ చేయడం ఎలాగో చెప్పే వీడియో ఒకటి చూశావు. విండోస్ ఫోల్డర్‌లో బాగా పెద్దగా కనిపించినవాటిని షిఫ్ట్ నొక్కి పట్టుకుని డిలీట్ చేశావు. అనుమతి లేదని కంప్యూటర్ అడ్డుపడితే, ఆ వీడియోలో చూపించినట్టే ఆ ఫైళ్ల యాజమాన్యాన్ని నీ పేరుకు మార్చుకుని మరీ తీసేశావు. ఇప్పుడు ఏది తెరిచినా ఏదో డీఎల్ఎల్, అంటే ప్రోగ్రాములు పంచుకుని వాడే ఫైలు, కనిపించడం లేదంటోంది.

ఇంకా దాన్ని ఆపలేదన్నావు చూడు, అది మంచి పని. ఈ ఉత్తరం ఫోన్లోనే చదువు. ల్యాప్‌టాప్‌ను ఆపకు, రీస్టార్ట్ చేయకు, ఛార్జర్ తీయకు. నడుస్తున్న విండోస్ తనకు కావలసినవి చాలావరకు ముందే మెమరీలోకి తెచ్చుకుని ఉంటుంది. ఒకసారి ఆపితే అన్నీ మళ్లీ డిస్కు మీద మొదటినుంచి వెతుక్కోవాలి, లేని ఫైలు దగ్గర ఆగిపోవచ్చు.

నిన్ను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. 2002లో ఒక మెయిల్ ప్రపంచమంతా తిరిగింది. మీ కంప్యూటర్‌లో ఎలుగుబంటి పిల్ల బొమ్మ గుర్తుతో జేడీబీజీఎంజీఆర్ అనే ఫైలు ఉంటే అది వైరస్, వెంటనే తీసేయండి, తెలిసినవాళ్లందరికీ చెప్పండి అని దాని సారాంశం. వెతికితే నిజంగానే ఎలుగుబంటి కనబడేది. అది విండోస్‌తో పాటు వచ్చే మామూలు ఫైలే, జావా ప్రోగ్రాములలో తప్పులు వెతకడానికి పెట్టింది. నేనూ తీసేశాను, నలుగురికి ఆ మెయిల్ పంపాను. నిజం తెలిశాక ఆ నలుగురి ఇళ్లకూ వెళ్లి ఫైలు తిరిగి పెట్టి వచ్చాను. ధీమాగా చెప్పేవాళ్ల మాట వింటే ఎవరి చెయ్యయినా డిలీట్ మీదికి పోతుంది తల్లీ.

ఇక అసలు విషయం. నువ్వు చెరిపినవి విండోస్ ఫైళ్లు. అదే విండోస్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ అవి అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి, మైక్రోసాఫ్ట్ దగ్గర మళ్లీ ఉచితంగా దొరుకుతాయి. నీ ఫొటోలు, నీ ప్రాజెక్టు రిపోర్టు, అమ్మమ్మ గొంతు రికార్డు చేసి పెట్టుకున్నావే అది, ఇవి ఇంకెక్కడా లేవు. కంగారులో అందరూ దొరికే వాటికోసం పరుగెత్తి దొరకనివాటిని పోగొట్టుకుంటారు. ఒకసారి నాతో పనిచేసే ఒకాయన కంప్యూటర్ ఆగిపోతే, గంటలో బాగుచేస్తానని డిస్కు ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా ఎక్కించాను. తెర మీద కొత్త విండోస్ వచ్చింది. ఆయన నా భుజం పక్కన నిలబడి, ‘పాప ఫొటోలు ఏ ఫోల్డర్‌లో పెట్టారండీ?’ అని అడిగారు. ఆ ప్రశ్న ఫార్మాట్‌కు ముందు నేను ఆయన్ను అడగాల్సింది. ఆ ఫొటోలు తిరిగి రాలేదు.

అందుకే బాగుచేసే పని మొదలుపెట్టకముందే బయటి హార్డ్ డిస్కు ఒకటి తగిలించు. యూజర్స్ ఫోల్డర్‌లో నీ పేరుతో ఉన్న ఫోల్డర్‌ను మొత్తంగా దానిలోకి కాపీ చేయి. డెస్క్‌టాప్ మీదివి, డౌన్‌లోడ్స్, ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. వేరే డ్రైవ్‌లలో ఏమైనా దాచుకుని ఉంటే అవీ కాపీ చేయి. కాపీ పూర్తయ్యాక పది ఫైళ్లయినా ఆ బయటి డిస్కు నుంచే తెరిచి చూడు. పేరు కనిపిస్తే చాలదు, బొమ్మ తెరుచుకోవాలి.

ఆ వెంటనే ఇంకో పని. ఈ రోజుల్లో చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం పడి ఉంటుంది, మనం వేయకపోయినా. మరమ్మతు మధ్యలో అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఫోన్ నుంచి నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ అంకెలను కాగితం మీద రాసుకో. అది లేకపోతే డిస్కులో ఉన్నది నీదే అయినా నీకు అందదు.

చెరిపినవాటిలో నీ సొంత ఫైళ్లు కూడా ఉన్నాయేమో ఒకసారి గుర్తు తెచ్చుకో. షిఫ్ట్ నొక్కితే ఫైలు రీసైకిల్ బిన్‌కు వెళ్లదు. అయినా మామూలు హార్డ్ డిస్కులో ఆ క్షణమే మాయం కూడా కాదు. పుస్తకం విషయసూచికలో పేరు కొట్టేశారు, పేజీలు మాత్రం లోపలే ఉన్నాయి, వాటి మీద కొత్త రాత పడేదాకా. అందుకని ఆ డ్రైవ్ మీద కొత్తగా ఏదీ దించుకోకు. పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్‌ను కూడా అదే డ్రైవ్‌లో ఎక్కిస్తే, నువ్వు వెతికేదాని మీదే అది కూర్చోవచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ ఫైల్ రికవరీ ఉచితంగా దొరుకుతుంది, దొరికినవాటిని తప్పనిసరిగా వేరే డ్రైవ్‌లోనే పెట్టమంటుంది. నీది ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లేలు లేకుండా చిప్పులతో పనిచేసే డిస్కు అయితే మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకు. చెరిపిన భాగాలను ట్రిమ్ అనే ఏర్పాటు తొందరగానే శుభ్రం చేసేస్తుంది. విండోస్ ఫైళ్ల కోసం ఈ తవ్వకం అసలే వద్దు, వాటికి వేరే దారి ఉంది.

విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది. బహుశా నువ్వు పెద్దదని చూసి చెయ్యిపెట్టింది దాని మీదే అయి ఉంటుంది. అది విండోస్ తన భాగాలను భద్రపరచుకునే గిడ్డంగి. బయట పనిచేసే ఫైళ్లూ అందులోవీ చాలావరకు ఒకటే, రెండు చోట్ల రెండు పేర్లతో కనిపిస్తాయి. లెక్కలో రెండుసార్లు పడటం వల్ల దాని పరిమాణం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. కాబట్టి ముందు గిడ్డంగిని సరిచేసి, తర్వాత అందులోంచి ఫైళ్లు తీయాలి.

స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి, దాని మీద కుడి క్లిక్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరువు. నల్లటి కిటికీ వస్తుంది. డి, ఐ, ఎస్, ఎం అనే నాలుగు అక్షరాలు ఇంగ్లీషులో కొట్టు. ఒక ఖాళీ వదిలి స్లాష్, దానికి ఆనుకుని ఆన్‌లైన్. ఖాళీ, స్లాష్, క్లీనప్, అడ్డగీత, ఇమేజ్. మళ్లీ ఖాళీ, స్లాష్, రిస్టోర్‌హెల్త్ కలిపి ఒకే మాటగా. ఇంటర్నెట్ ఉండాలి, పాడైన భాగాలను ఇది విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంటుంది. శాతం అంకె ఒకచోట చాలాసేపు నిలబడిపోతుంది. నా కంప్యూటర్‌లో 62.3 దగ్గర ఆగి, పాడైపోయిందేమో అనుకునేంతసేపు కదలలేదు, తర్వాత ఒక్కసారిగా వందకు పోయింది. కిటికీ మూయకుండా ఓపిక పట్టు.

అది అయ్యాక ఎస్, ఎఫ్, సి అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్, స్కాన్‌నౌ. ఇది రక్షిత ఫైళ్లన్నిటినీ ఒక్కొక్కటిగా సరిచూసి, లేనివాటిని గిడ్డంగి నుంచి తెచ్చి పెడుతుంది. చివర్లో వచ్చే వాక్యాన్ని జాగ్రత్తగా చదువు. అన్నీ బాగుచేశాను అంటే అప్పుడు రీస్టార్ట్ చేయవచ్చు. కొన్ని బాగుచేయలేకపోయాను అంటే రీస్టార్ట్ చేయకుండా తర్వాతి దారి పట్టు.

ఆ దారి ఏమిటంటే, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ తెచ్చుకుని, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ తయారుచేసుకోవడం. ఈ పని ఇంకో కంప్యూటర్‌లో చేయించుకో, ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుందని గుర్తుంచుకో. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కంప్యూటర్‌ను ఆపి పెన్‌డ్రైవ్ నుంచే మొదలుపెడితే, అంటే బూట్ చేస్తే, కొత్తగా ఎక్కించడమే అవుతుంది, ప్రోగ్రాములు మిగలవు. అలా కాకుండా, నడుస్తున్న విండోస్ లోపలే పెన్‌డ్రైవ్ తెరిచి సెటప్ నడిపితే, ఫైళ్లూ యాప్‌లూ ఉంచేయమనే ఎంపిక వస్తుంది. అది ఎంచుకో. ఆ ఎంపిక బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే అక్కడితో ఆగి నాకు ఫోన్ చేయి.

ఒకవేళ ఈలోపే కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆగిపోయి, మళ్లీ లేవకపోతే భయపడకు. రెండు మూడుసార్లు లేవలేకపోతే రికవరీ తెర దానంతట అదే వస్తుంది. అది సాధారణంగా డిస్కులో వేరే భాగంలో ఉంటుంది కాబట్టి నువ్వు చెరిపినవాటితో దానికి సంబంధం లేదు. అందులో విండోస్‌ను పాత తేదీ నాటి స్థితికి తీసుకెళ్లే సిస్టమ్ రిస్టోర్ ఉండి, నిన్నటికి ముందు తేదీ కనిపిస్తే అదే ఎంచుకో. నీ పత్రాల జోలికి అది పోదు, ఆ తేదీ తర్వాత ఎక్కించిన ప్రోగ్రాములు మాత్రం పోతాయి. చాలా కంప్యూటర్‌లలో అది ఆపేసి ఉంటుంది, నీ దాంట్లో కనిపించకపోయినా చింతించకు. విండోస్‌ను మొదటినుంచి మళ్లీ ఎక్కించే రీసెట్ మాత్రం ఆఖరి మాట. ఫైళ్లు ఉంచమన్నా యాప్‌లు పోతాయి. చేయక తప్పకపోతే విండోస్‌ను ఇంటర్నెట్ నుంచి కొత్తగా తెచ్చుకునే క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకో, ఉన్న ఫైళ్లే పాడైనప్పుడు వాటితోనే కట్టడం ఎందుకు?

కనిపించని డీఎల్ఎల్ పేరు వెతికితే, ఆ ఒక్క ఫైలు ఇస్తామనే సైట్లు బోలెడు వస్తాయి. ఒక్కటి కూడా దించుకోకు. అందులో ఏముందో, నీ విండోస్‌కు సరిపోయే వెర్షనో కాదో చెప్పే దిక్కు లేదు. సిస్టమ్ ఫోల్డర్‌లోకి బయటివాణ్ణి నువ్వే తాళం తీసి పంపినట్టవుతుంది.

సీ డ్రైవ్ నిండిన సమస్య ఇంకా అలాగే ఉంది కదా. అన్నీ కుదుటపడ్డాక సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ చూడు. పాత విండోస్ మిగులు, అప్‌డేట్ చెత్త అక్కడినుంచే తీయవచ్చు. జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, దానికి టిక్ ఉంటే ఆ టిక్ తీసేయి, లేకపోతే నువ్వు దించుకున్నవి కూడా చెరిగిపోతాయి.

ఈ సాయంత్రానికి కాపీ పూర్తిచేసి, బయటి డిస్కు తెరిచిన తెరను ఫొటో తీసి పంపు. అందులో అమ్మమ్మ రికార్డింగ్ ఉన్న ఫోల్డర్ కనబడాలి. అది చూశాక ఇద్దరం ఫోన్లో ఉండి నల్ల కిటికీ తెరుద్దాం.

మీ మామయ్య